మూడొందల నలభై అడుగుల దగ్గర

కనిగిరికి పడమట, మా కందిచేలోకి
రాత్రి పదకొండుకి బోరు లారీ వచ్చింది.
తిరుచెంగోడు లారీ. ఒళ్లంతా తెల్లదుమ్ము పూసుకొని
నలుగురు అరవ కుర్రాళ్లు.
మా ఆయన నా చేతిలో నోటుబుక్కు పెట్టి అన్నాడు:
"అడుగులు నువ్వు రాయి. వాళ్ల లెక్క నమ్మేది లేదు."

ఇరవై.
నలభై.
రాడ్డుకొక గీత.

గట్టు మీద ఇద్దరు పెద్దమనుషులు.
దస్తగిరి, అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకొని
పొద్దున చేనంతా తిరిగినవాడు.
ఈ మూలకొచ్చేసరికి కాయ లేచి నిలబడింది, నేనూ చూశా.
మాల్యాద్రి మేష్టారు, కొండమీది స్వామి పేరు మోస్తా
ముప్పై ఏళ్లు పిల్లలకి ఆ స్వామి లేడని చెప్పినవాడు.

"కాయ లేచింది నీ చెయ్యి వణికి."
"వణికించిందెవరు?"
"నరం."
"నరాన్ని?"
"ఇట్టా ఒక్కో మెట్టూ దిగుతా పోతే
యాడో ఒకచోట బండ తగలాల గదా, దస్తగిరీ."
"ఆ తగిలిన బండ పేరే ఆయన."
"బండకి పేరు పెట్టినంత మాత్రాన దణ్ణం పెట్టాలా?"

నూట అరవై. నల్లరాయి.
కంప్రెసర్ రొదలో సగం మాటలు కొట్టుకుపోతున్నాయి.
పోయిన సగమే గట్టిదైనట్టు
ఇద్దరూ మళ్లీ మొదటినుంచీ అరుస్తున్నారు.

మేష్టారు లేచి నిలబడ్డాడు, బడిలోలాగా.
"నీళ్లున్నాయా లేవా అనే మాటకి ఒక మర్యాదుంది.
అడుక్కి తొంభై రూపాయలు పోస్తే తేలుద్ది.
పడకపోతే లేవని ఒప్పుకొని లారీ ఎల్లిపోద్ది.
ఎంత లోతుకి పోయినాక లేడని ఒప్పుకుంటావో
ముందది చెప్పు, అప్పుడు వాదిస్తా."

దస్తగిరి బీడీ సగం కాలిందాకా మాట్లాడలేదు.
"నువ్వు చెప్పు మేష్టారూ,
ఏం కనపడితే ఉండాడంటావు?"
మేష్టారు నోరు తెరిచాడు.
సరిగ్గా అప్పుడే రాడ్డు మార్చడానికి మిషను ఆగింది.
అంత నిశ్శబ్దం దొరికినా
ఆయన ఏమీ అనలేదు.

రెండొందల ఎనభై.
మూడొందలు దాటితే రేటు పెరుగుద్ది.
నా కమ్మలు కుదువబెట్టి తెచ్చిన డబ్బు
ఆ రెండు గీతల మధ్య అయిపోద్ది.
ఆపమందామా అన్నట్టు మా ఆయన నా వంక చూశాడు.
"ఇంకోటి దించమను," అన్నా.
ఎందుకన్నానో నాకు తెలియదు.
గట్టు మీద అంత తెలిసిన వాళ్లిద్దరున్నారు గానీ
వాళ్లని అడగాలనిపించలేదు.

మూడొందల నలభై దగ్గర దుమ్ము తడిసింది.
ముందు బురద. తర్వాత లారీ లైట్ల వెలుగులో
తాటిచెట్టంత ఎత్తున నీళ్లు.
కుర్రాళ్లు అరవంలో కేకలు పెట్టారు.
దస్తగిరి కొబ్బరికాయ జారవిడిచి రెండు చేతులూ చాచాడు.
మేష్టారు కళ్లజోడు తీసి నా చేతికిచ్చి
చొక్కాతోనే వెళ్లి నీళ్ల కింద నిలబడ్డాడు.

కందిచొప్ప మీద మా అత్త రత్తమ్మ కదల్లేదు.
ఈ ఊరి నీళ్లు తాగీ తాగీ ఎముకలు బిర్రబిగిసి
నడుం వంగిపోయిన మనిషి.
ఆకాశం చూడాలంటే వెల్లకిలా పడుకోవాలి.
చెంబు అందిస్తే ఒక గుక్క తాగింది.
"తియ్యగుండాయి," అంది.
అందరూ నవ్వారు.
"మా బావి నీళ్లూ ఇంత తియ్యగానే ఉండేయి," అంది.

మేష్టారు తల తుడుచుకోకుండానే సీసా కడిగి నింపాడు,
ఒంగోలు ల్యాబుకి పంపడానికి.
దస్తగిరి అది చేతిలోకి తీసుకొని
పెదాలు కదిపి మూత మీద ఊదాడు.
"అదెందుకు?"
"అంకె తక్కువ రావాలని."
"వచ్చే అంకె ఇప్పటికే లోపలుంది. ఊదితే మారదు."
"మారదులే. తెలుసు."
వేరే సీసా నింపుతాడనుకున్నా.
ఆ సీసానే తడి తువ్వాల్లో చుట్టి
సంచిలో జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

రిపోర్టుకి వారం పడుతుందంట.
అత్త ఇంకో గుక్క అడిగింది.
చెంబు పట్టుకొని నిలబడ్డా.